నిద్రలో నిలిచిన ఊపిరి

ఫాల్గుణమాసమున కోరుకొండ తీర్థమునకు వచ్చు యాత్రికులు లక్ష్మీనరసింహస్వామి దర్శనమునకై వందలాది మెట్లెక్కుదురు. సగము దారిలోనే రొప్పు మొదలగును. అయినను ఆరోగ్యవంతుని రక్తమున ప్రాణవాయువు తరుగదు. హెచ్చిన ఊపిరియే ఆ కొరతను రానీయదు. రాత్రి ఆ యాత్రికులలో ఒకడు మేను వాల్చి, ఏ శ్రమయు లేక, గురకపెట్టి నిద్రించుచుండగా రక్తమున ప్రాణవాయువు పడిపోవుట సంభవము. ఈ వింతను వైద్యలోకము గ్రహించుటకు నూరేండ్లకు పైగా పట్టినది. ఆ చరిత్రను మేమిక్కడ సంగ్రహముగా చెప్పదలచితిమి.

గురక అనగానే మనకు కుంభకర్ణుడు గుర్తువచ్చును, నవ్వు వచ్చును. ఇంగ్లండులోను అంతే. 1836–37లో డికెన్సు తన ‘పిక్విక్ పేపర్స్’ నవలలో పనిచేయుచునే కునుకుతీయు జో అను లావుపాటి కుర్రవానిని సృష్టించి పాఠకులను నవ్వించెను. 1956లో అమెరికాలో బర్వెల్ మొదలగు వైద్యులు అట్టి రోగినొకని వర్ణించి, వ్యాధిని పిక్విక్ పేరుతోనే ప్రచారమునకు తెచ్చిరి. పేకాటలో మంచి ముక్కలు చేతనుంచుకొనియే నిద్రలోకి జారిన వ్యాపారి యతడు. వారి చూపు స్థూలకాయముపై నిలిచినదిగాని గొంతువైపు మరలలేదు.

1965లో ఫ్రాన్సున గాస్టో బృందము, జర్మనీలో యుంగ్, కూలో అనువారు, వేరువేరుగా, రోగులు నిద్రించుచుండగా శ్వాసను యంత్రములతో నమోదుచేసిరి. రొమ్ము కదలుచున్నను కంఠమార్గము మూసికొనిపోయి గాలి లోనికి పోవుటలేదని అప్పుడు తేలినది. 1976లో అమెరికాలో గిలెమినో, ఆయన సహచరులు దీనికి ‘స్లీప్ ఆప్నియా’ యని పేరు స్థిరపరచిరి. ఆప్నియా యనగా శ్వాసలేమి. కనీసము 10 సెకండ్లు ఊపిరి నిలిచినచో ఒక నిలుపుదలగా లెక్కింతురు. వ్యాధి తీవ్రమైనవారిలో ఊపిరి పూర్తిగా నిలుచుటయో, బాగుగా సన్నగిల్లుటయో గంటకు 30 మారులు, అంతకు మించియు జరుగును.

ఇందువలన శ్వాసమార్గమునకు కలుగు హాని రెండు విధములు. మొదటిది గురక అదురు. 2005లో బార్సిలోనా పరిశోధకులు మానవ శ్వాసనాళపు కణములను గురకవలె కంపింపజేయగా, అవి శోథమును, అనగా వాపును, మంటను రేపు రసాయనమును హెచ్చుగా విడిచినవి. రెండవది ప్రాణవాయువు ఆటుపోట్లు. ఊపిరి నిలిచినప్పుడు తగ్గి, మెదడు ఉలికిపడి మేల్కొల్పగానే అది మరల హెచ్చును. ఈ ఒడుదొడుకులలో కణములయందు ఉగ్రమైన ఆమ్లజని రూపములు పుట్టి శోథమును రగుల్చును. కంఠపు మెత్తని పొరలు వాచిన, ఇరుకుదారి మరింత ఇరుకగును. ఊపిరి మరింత సులభముగా నిలుచును. ఉబ్బసము గలవారికి ఇది రెండింతల కష్టము.

ఈ చరిత్రలో తెలుగువారికి పరిచితమైన ఇంటిపేరొకటి కలదు. చికాగో విశ్వవిద్యాలయ ఆచార్యులైన నండూరి ప్రభాకర్, కణములు ప్రాణవాయువు కొరతను గుర్తించు తీరును వెల్లడించి 2019లో నోబెల్ బహుమానము పొందిన ముగ్గురిలో ఒకరగు గ్రెగ్ సెమెంజాతో కలిసి పనిచేసిరి. వారి బృందము 2006లో చుండెలుకలపై జరిపిన పరిశోధనను ప్రకటించెను. విడతలు విడతలుగా ప్రాణవాయువు తగ్గించినప్పుడు రక్తపుపోటును, ఆ ఉగ్ర రూపములను హెచ్చించుటలో, కొరతను ఎదుర్కొనుటకై శరీరమున నున్న ప్రోటీనుకే పాత్ర కలదని తేలినది. రక్షణకై యున్నదే మాటిమాటికి మేల్కొల్పబడి కీడు చేయుచున్నదన్నమాట.

1981లో ఆస్ట్రేలియాలో కోలిన్ సలివాన్ అయిదుగురు రోగులకు ముక్కుద్వారా నిరంతరము గాలి ఒత్తిడి నిచ్చి, కంఠము మూసికొనకుండ నిలిపెను. నేడు లోకమంతట వాడుకలో నున్న సీప్యాప్ యంత్రమునకు అదియే మూలము.

ఈ వ్యాధిని రోగి తనంతట తాను ఎరుగడు. ప్రక్కన పరుండినవారే తొలి సాక్షులు. మన యింట పెద్ద గురక అకస్మాత్తుగా ఆగి, కొంత నిశ్శబ్దము తరువాత ఉక్కిరిబిక్కిరితో మరల మొదలైన, నవ్వక చెవియొగ్గుదము. ఉదయమున ఆ సంగతి వైద్యునికి చెప్పుట మన విధి.