జీవాల్లో నట్టలు: మందు లేని నివారణ

గొర్రెలు, మేకల జీర్ణకోశంలో పెరిగే గుండ్రటి పురుగులను (నట్టలను) తాగుమందు మీదే ఆధారపడకుండా అదుపులో ఉంచే పద్ధతులివి. నట్టలను నిర్మూలించడం కాక, జీవం తట్టుకోగలిగేంతకు తగ్గించడమే వీటి లక్ష్యం. వేడి ప్రాంతాల్లో ముఖ్యమైనది హీమాంకస్ కంటార్టస్. ఇది నాలుగో కడుపులో చేరి రక్తం తాగుతుంది. ఆడ పురుగు రోజుకు 5,000కు పైగా గుడ్లు పెట్టగలదు. కంటిపొర పాలిపోవడం, దవడ కింద నీరు దిగడం ముదిరిన లక్షణాలు.

ఈ పద్ధతులు అవసరమవడానికి ఒక కారణం నట్టలు మందులకు లొంగకపోవడం. అది ఎప్పుడు మొదలైందన్న దానిపై లెక్కలు వేరువేరుగా ఉన్నాయి. 1961లో వచ్చిన థయాబెండజోల్‌కు 1964లో ఎదురైన వైఫల్యాన్నే ఎక్కువమంది ప్రస్తావిస్తారు. అయితే ఫినోథయజిన్‌కు లొంగని రకం గురించి అమెరికాలో 1957లోనే రాశారు కనుక, దాన్నే ముందుగా లెక్కించడం సబబు.

మేత బీడును మార్చడం మందు లేని పద్ధతుల్లో బాగా పరిశీలించిన పద్ధతి. పెంటికల్లోని గుడ్లు వెచ్చని తేమలో వారం లోపే సోకే దశ లార్వాలై, తడి గడ్డిపరకల మీదికి పాకుతాయి. ఈ దశలో అవి ఏమీ తినవు, ఒంట్లోని నిల్వతోనే బతుకుతాయి. ఎండవేడికి ఆ నిల్వ త్వరగా అడుగంటుతుంది. చలి దేశాల్లో నెలల తరబడి బతికే లార్వాలు వేడి ప్రాంతాల్లో నెలా నెలన్నరలో చాలామటుకు చస్తాయి. టోంగా దీవుల్లో జరిపిన పరీక్షలో (ఫలితాలు 1994లో వెలువడ్డాయి) బీడును పది మళ్లు చేసి, ఒక్కోదాంట్లో మూడున్నర రోజులు మేపి, నెల రోజులు ఖాళీగా వదిలారు. గుడ్లు సోకే దశ లార్వాలయ్యే లోపే మందను కదిలించడం ఇందులో కిటుకు. ఎప్పుడూ ఒకే చోట మేసిన మేకలతో పోలిస్తే ఇలా మారుస్తూ మేపిన మేకల పెంటికల్లో గుడ్లు సగానికంటే తక్కువ కనిపించాయి.

తెలుగు నాట మందలు కంచెల్లేని బీళ్లలో, కోతలైన పొలాల్లో, చెరువు శిఖాల్లో మేస్తాయి కనుక పది మళ్ల లెక్క నేరుగా కుదరదు. మంచు ఆరాక మందను తోలడం, సుబాబుల్, తుమ్మ ఆకు కొట్టి వేయడం ఇక్కడ వీలైన మార్గాలు. చెరువుల దగ్గర సోకే కార్జపు జలగ నత్తల ద్వారా వస్తుంది, దానికి ఈ రోజుల లెక్క వర్తించదు.

డడింగ్టోనియా ఫ్లాగ్రాన్స్ అనే బూజు బీజాలను మేతలో కలిపితే అవి జీర్ణం కాకుండా బయటపడి, పెంటికల్లోనే లార్వాలను వలపన్ని చంపుతాయి. నట్టల పేగుపొర మాంసకృత్తులతో చేసిన బార్బర్‌వాక్స్ టీకా 2014లో ఆస్ట్రేలియాలో విడుదలైంది. దాన్ని పదేపదే వేయాల్సి రావడం పెద్ద మందలకు భారమే. దక్షిణాఫ్రికాలో పుట్టిన ఫమాచా పట్టీ కంటిపొర రంగును అయిదు తరగతులుగా చూపుతుంది, పాలిపోయిన జీవాలకే మందు తాగిస్తారు. కచ్చితంగా చూస్తే ఇది మందు లేని పద్ధతి కాదు. సుందర్‌బన్స్ గారోల్ గొర్రెకు హీమాంకస్‌ను తట్టుకునే గుణం ఉంది. వేప, వెల్లుల్లి వంటి పసరు మందుల విషయంలో పరీక్షల ఫలితాలు ఒకదానికొకటి పొసగవు.