బొమ్మ లేని పబ్: ఖరగ్‌పూర్‌లో రైల్వే ఇన్‌స్టిట్యూట్ తలుపు ఎవరికి తెరుచుకుంది?

ఇంగ్లండ్‌లో పాత పబ్‌ను వీధి చివరి నుంచే గుర్తుపట్టొచ్చు. గుమ్మం పైన ఇనుప కమ్మీకి ఒక బొమ్మ పలక వేలాడుతుంటుంది. ఎర్ర సింహం, కిరీటం, ఓక్ చెట్టు... ఏదో ఒకటి. అక్షరం ముక్క రానివాడికి కూడా ఇక్కడ బీరు దొరుకుతుందని చెప్పే ఏర్పాటు అది. 1393లో రెండో రిచర్డ్ రాజు కాలంలో అది నిబంధనగా మారింది. బీరు కాచి అమ్మేవాళ్లు గుర్తు వేలాడదీయాల్సిందే. నాణ్యత పరీక్షించే అధికారులకూ అదే ఆనవాలు.

ఓక్ చెట్టు బొమ్మకు ఒక కథ ఉంది. 1651లో వుస్టర్ యుద్ధంలో ఓడిపోయిన రెండో చార్లెస్, బాస్కొబెల్ దగ్గర ఓక్ చెట్టు కొమ్మల్లో దాక్కుని ప్రాణం దక్కించుకున్నాడు. ఆయన తిరిగి గద్దెనెక్కాక దేశమంతా 'రాయల్ ఓక్' పబ్బులు వెలిశాయి. రైళ్లు వచ్చాక 'రైల్వే టావెర్న్', 'రైల్వే హోటల్' లాంటి పేర్లూ చేరాయి.

పబ్ అంటే పబ్లిక్ హౌస్. జేబులో డబ్బుంటే దారిన పోయేవాడైనా లోపలికి వెళ్లొచ్చు. అక్కడ తేడాలు లేవని కాదు. కూలీలకు పబ్లిక్ బార్, కాస్త డబ్బున్నవాళ్లకు సెలూన్ బార్ వేరుగా ఉండేవి. కానీ రెండింటికీ ఒకటే బొమ్మ.

అదే ఇంగ్లిష్ వాళ్లు ఖరగ్‌పూర్‌లో రైల్వే పట్టణం కట్టినప్పుడు ఈ బొమ్మను వెంట తేలేదు.

1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే (బీఎన్ఆర్), ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో ఇక్కడ భారీ వర్క్‌షాపు నడిపించింది. దాని చుట్టూ బంగళాలు, క్వార్టర్లు వరుసలుగా లేచాయి. సాయంత్రం కాలక్షేపానికి వచ్చింది మాత్రం పబ్ కాదు, 'ఇన్‌స్టిట్యూట్'. దాని మూలం కూడా ఇంగ్లండే. స్విండన్‌లో గ్రేట్ వెస్టర్న్ రైల్వే కార్మికుల మెకానిక్స్ ఇన్‌స్టిట్యూషన్ భవనం 1855లో తెరుచుకుంది. చదువుకోవడానికి పుస్తకాలు, వినడానికి ఉపన్యాసాలు, కార్మికుడు తాగుడు మానాలన్న ఆశ దాని వెనక ఉన్నాయి. భారత రైల్వే కాలనీలకు వచ్చేసరికి ఆ ఇన్‌స్టిట్యూట్‌లో బార్ చేరింది. బిలియర్డ్స్ బల్ల, చెక్క డాన్స్ ఫ్లోర్, హౌసీ ఆట చేరాయి. తాగుడు మాన్పించడానికి పుట్టిన సంస్థే పబ్ పని చేయడం మొదలుపెట్టిందన్నమాట.

కానీ ఇది సభ్యులకే. యూరోపియన్లు, ఆంగ్లో ఇండియన్లకు ఒక ఇన్‌స్టిట్యూట్, భారతీయ ఉద్యోగులకు మరొకటి ఉండటం అప్పటి రైల్వే కాలనీల రివాజు. డ్రైవర్, గార్డు, ఫోర్‌మన్ వంటి మెరుగైన ఉద్యోగాలు ఎక్కువగా మొదటి వర్గానివే. పబ్ ముందు వేలాడే సింహం ఎవరు వస్తున్నారని అడగదు. ఇన్‌స్టిట్యూట్ బోర్డు మీద మొదటి మాటే ఆ ప్రశ్న వేసేది.

ఆ ప్రశ్నకు సమాధానం చెప్పుకోవాల్సిన వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. 1902లో ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే ఉత్తర భాగం బీఎన్ఆర్‌లో కలిసింది. దాంతో వాల్తేరు నుంచి ఖరగ్‌పూర్ దాకా ఒకే కంపెనీ. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి పని వెతుక్కుంటూ జనం రైలెక్కారు. వర్క్‌షాపులో రోజంతా ఇనుముతో కుస్తీ పట్టిన కూలీ సాయంత్రం ఒక చుక్క వేసుకోవాలంటే లైసెన్సున్న దేశీ సారా దుకాణమే దిక్కు.

తలుపు దగ్గర మొదలైన తేడా జీతాల్లో, పదోన్నతుల్లో, ఉద్యోగ భద్రతలో ఇంకా లోతుగా ఉండేది. 1927లో ఖరగ్‌పూర్ వర్క్‌షాపు కార్మికులు ఉద్యోగాల తొలగింపుపై పోరాడారు. సమ్మె, లాకౌట్ రెండూ చూశారు. బీఎన్ఆర్ కార్మిక సంఘాన్ని నడిపిన నాయకుల్లో ముఖ్యుడు బరంపురం తెలుగు న్యాయవాది వి.వి. గిరి. ఆయనే 1969లో రాష్ట్రపతి అయ్యారు.

స్వాతంత్ర్యం తర్వాత పాత ఇన్‌స్టిట్యూట్ల సందడి తగ్గింది. రాజ్యాంగంలోని 336వ అధికరణ రైల్వే ఉద్యోగాల్లో ఆంగ్లో ఇండియన్లకు ఇచ్చిన రిజర్వేషన్ రెండేళ్లకోసారి తగ్గుతూ పదేళ్లకు ముగిసింది. చాలా కుటుంబాలు ఇంగ్లండ్, ఆస్ట్రేలియా, కెనడాలకు వెళ్లిపోయాయి. వాళ్లలో కొందరికి అసలైన పబ్ బొమ్మ అప్పుడే మొదటిసారి కనిపించి ఉంటుంది.

తెలుగువాళ్లు మాత్రం ఇక్కడే ఉండిపోయారు. ఖరగ్‌పూర్‌ను 'మినీ ఇండియా' అనడంలో వాళ్ల వాటా పెద్దదే. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. అప్పుడు అందరూ ముందుగా తలచుకున్న పట్టణం ఇదే. 1072.5 మీటర్ల ప్లాట్‌ఫారంతో ఒకప్పుడు ప్రపంచ రికార్డు నిలుపుకున్న ఈ స్టేషన్‌లో పేరు బోర్డులు మాత్రం బెంగాలీ, హిందీ, ఇంగ్లిష్‌లలో ఉంటాయి.