ఒకే గీత మీద రెండు ఆపరేషన్లు

పెద్దాపరేషన్ అయిన తల్లి పొట్ట గురించి మాట్లాడాలంటే 1876 నుంచి మొదలుపెట్టాలి. ఆ ఏడాది ఇటలీలోని పావియాలో ఎడ్వర్డో పోరో అనే వైద్యుడు సిజేరియన్ చేసి, బిడ్డను తీసిన వెంటనే గర్భసంచిని కూడా తీసేశాడు. రక్తం ఆపడానికి ఆయనకు కనిపించిన దారి అదొక్కటే. తల్లీబిడ్డలిద్దరూ బతికారు. అంతకుముందు సిజేరియన్ అంటే తల్లి మీద దాదాపు ఆశ వదులుకోవడమే. 1882లో జర్మనీలో మాక్స్ జెంగర్ గర్భసంచిని తీయనక్కర్లేదనీ, దానికే కుట్లు వేసి తల్లిని కాపాడవచ్చనీ చూపించాడు. అయినా పొట్ట మీద గాటు మాత్రం బొడ్డు కింద నిలువుగానే ఉండేది. ఆ కుట్ల దగ్గర తర్వాత హెర్నియాలు వచ్చేవి. ఆ బాధ తగ్గించాలనే 1900లో బ్రెస్లావ్ నగరంలో హెర్మన్ ఫానెన్‌స్టీల్ స్త్రీల ఆపరేషన్లకు పొత్తికడుపు అడుగున అడ్డగాటును ప్రతిపాదించాడు. ఈనాడు మన ఇళ్లలోని తల్లుల ఒంటి మీద కనిపించే గీత ఎక్కువగా అదే, లేదా దానికి దగ్గరి రకం.

విచిత్రమేమంటే వేలాడే పొట్టను సరిచేసే టమ్మీ టక్ ఆపరేషన్ కూడా సరిగ్గా ఆ కాలంలోనే పుట్టింది. ఫ్రాన్స్‌లో 1890లోనే దీనికి తొలి అడుగు పడింది. 1899లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో హోవర్డ్ కెల్లీ ఒక స్త్రీకి వేలాడే పొట్ట నుంచి ఏడు కిలోలకు పైగా చర్మం, కొవ్వు తొలగించాడు. కెల్లీ స్త్రీల వ్యాధుల వైద్యుడు. అంటే ఈ ఆపరేషన్ ఆసుపత్రి వార్డులో పుట్టిందే తప్ప అందాల దుకాణంలో కాదు. తొలినాళ్లలో చాలావరకు పెద్ద బొడ్డు హెర్నియాలను సరిచేస్తూ, పనిలో పనిగా బరువైన మడతను తీసేవారు. అప్పుడు బొడ్డు కూడా పోయేది. 1905లో ఫ్రెంచి వైద్యులు దాన్ని నిలబెట్టే ప్రయత్నం చేశారు. 1957లో వెర్నన్ అనే వైద్యుడు బొడ్డు చుట్టూ చర్మాన్ని విడదీసి, కిందికి లాగిన చర్మంలో కొత్త రంధ్రం చేసి, పాత బొడ్డును అందులో అమర్చే పద్ధతి చెప్పాడు. ఇప్పటి శస్త్రచికిత్సకు పునాది అదే.

అసలు మలుపు బ్రెజిల్‌లో వచ్చింది. 1967లో రియో డి జనీరో వైద్యుడు ఇవో పిటాంగీ వరసగా 300 కేసుల అనుభవాన్ని ప్రచురించాడు. ఆయన గాటును బట్టల చాటున దాగేంత కిందికి దించాడు. ఒకదానికొకటి ఎడమైన పొట్ట కండరాలను మధ్యకు లాగి కుట్టడం ఆ తరం వైద్యుల చేతుల్లో మామూలు పని అయింది. 1973లో అమెరికాలో గ్రేజర్ అనే వైద్యుడు అలాంటి కింది గాటు గురించి బికినీ గీత పేరు చెప్పి రాశాడు. 1970లలో యూరప్‌లో పుట్టిన లైపోసక్షన్, అంటే కొవ్వును పీల్చి తీసే పద్ధతి, తర్వాత దీనికి వచ్చి చేరింది. ఇక అప్పటి నుంచి టమ్మీ టక్ సముద్రతీరాల, సినిమాతారల ఆపరేషన్‌గా పేరుపడింది. ఆ పేరు తల్లులకు చాలా అన్యాయం చేసిందని నా అభిప్రాయం. నడుం లాగేస్తోందనీ, బరువెత్తితే పొట్ట ముందుకు పొడుచుకొస్తోందనీ చెప్పే ఆడమనిషి మాట కూడా సోకు కిందే జమ అయిపోయింది.

ఒంట్లో జరిగేదేమిటో చూద్దాం. కడుపు ముందువైపు నిలువుగా రెండు కండరాల పట్టీలు ఉంటాయి. వాటిని మధ్యలో ఒక గట్టి నార పట్టీ కలుపుతుంది. బిడ్డ పెరిగేకొద్దీ ఆ నార సాగి కండరాలు ఎడమవుతాయి. నెలలు నిండేసరికి ఈ ఎడం దాదాపు అందరికీ వస్తుంది. కాన్పు తర్వాత చాలామందికి దగ్గరపడుతుంది, కొందరికి పడదు. దీనికి కారణం గర్భం. నార్మల్ కాన్పు అయినవాళ్లకూ ఇది వస్తుంది. "ఆపరేషన్‌లో కండరాలు కోసేశారు, అందుకే పొట్ట జారింది" అనే మాట మన ఇళ్లలో తరచూ వినిపిస్తుంది. మామూలు అడ్డగాటు సిజేరియన్‌లో ఆ కండరాలను కొయ్యరు, పక్కలకు జరుపుతారు. సిజేరియన్ ప్రత్యేకంగా మిగిల్చేది వేరే ఉంది. కొందరికి మచ్చ లోపలి పొరలకు అతుక్కుని గుంటపడుతుంది, దాని పైనున్న చర్మం, కొవ్వు మడతగా వాలుతాయి. వ్యాయామంతో కండరానికి బలం వస్తుంది గానీ ఆ మడత పోదు. టమ్మీ టక్ గాటు సాధారణంగా పాత సిజేరియన్ గీత మీదుగానే, ఇంకా వెడల్పుగా సాగుతుంది, కాబట్టి ఆ మచ్చ కూడా తీసిన చర్మంతో పోతుంది.

సిజేరియన్ మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎంతమంది సంగతో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతుంది. 2019-21 లెక్కల్లో దేశం మొత్తం మీద కాన్పుల్లో సిజేరియన్లు 21.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7. ముహూర్తం చూసి కోయించుకునే అలవాటు కూడా ఇందులో కొంత కలిసింది. అదే సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన స్త్రీలలో దాదాపు 70 శాతం మంది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవారే. రెండో సిజేరియన్‌తోపాటే అది కూడా అయిపోతుంది చాలామందికి. "ఇక పిల్లలు వద్దనుకున్నాకే టమ్మీ టక్" అన్నది వైద్యులు చెప్పే మొదటి షరతు. మన ఆడవాళ్లు చాలామంది పాతికేళ్లకే ఆ షరతు తీర్చేస్తున్నారు. మిగిలిన జీవితమంతా ఆ పొట్టతోనే గడపాలి.

వాళ్లకు ఇంట్లో దొరికే వైద్యం పాత నూలు చీరతో నడుం బిగించి కట్టడం, నీళ్లు తక్కువ తాగమనడం. కట్టు కొంత ఆసరా ఇస్తుంది, లేచి నడవడానికి ధైర్యమిస్తుంది, కానీ సాగిన నారను అతకలేదు. నీళ్లు తాగితే పొట్ట పెరుగుతుందన్నది మాత్రం మానుకోవలసిన మాట. పాలిచ్చే తల్లిని దాహంతో ఉంచకూడదు.

సిజేరియన్ బల్ల మీదే పొట్ట కూడా సరిచేయమని అడిగేవాళ్లున్నారు. అది మంచిది కాదు. గర్భసంచి ఇంకా పెద్దదిగా ఉంటుంది, ఒంట్లో నీరు నిలిచి ఉంటుంది, ఎంత చర్మం తీయాలో తేలదు. పైగా కాన్పు తర్వాతి వారాల్లో రక్తనాళాల్లో గడ్డకట్టే ముప్పు ఎక్కువ, టమ్మీ టక్‌కూ సొంతంగా అదే ముప్పు ఉంది. కనీసం ఆరు నెలల నుంచి ఏడాది ఆగాలి, పాలు మాన్పించాలి, బరువు నిలకడగా ఉండాలి. ఆపరేషన్ తర్వాత చర్మం కింద నీరు చేరవచ్చు, బొడ్డు కింద స్పర్శ తగ్గవచ్చు, తుంటి నుంచి తుంటిదాకా మచ్చ మిగులుతుంది. సుమారు ఆరు వారాలు బరువులెత్తకూడదు. చంటిపిల్ల ఉన్న ఇంట్లో ఆ పిల్లను ఎత్తుకునేదెవరో ముందే తేల్చుకోవాలి. ఇది బరువు తగ్గించే ఆపరేషన్ అసలే కాదు.

టమ్మీ టక్ చరిత్ర ఇప్పుడు మళ్లీ మొదటికి, అంటే అందం నుంచి వైద్యానికి, వస్తోంది. 2016లో స్వీడన్ పరిశోధకులు ఎడమైన కండరాలను ఆపరేషన్‌తో కలిపితే నొప్పి తగ్గి, బలం పెరిగిందని ప్రచురించారు. 2018లో ఆస్ట్రేలియాలో 214 మంది తల్లుల మీద జరిగిన అధ్యయనంలో నడుం నొప్పి, దగ్గితే మూత్రం పడిపోవడం రెండూ తగ్గినట్టు తేలింది. ఆ దేశ ప్రభుత్వ బీమా 2016లో ఈ ఆపరేషన్‌కు తల్లులకిచ్చే సాయం ఆపేసింది. 2022 జూలైలో తిరిగి ఇచ్చింది. ఎడం కనీసం మూడు సెంటీమీటర్లు ఉన్నట్టు స్కానింగ్‌లో తేలాలి, ఫిజియోథెరపీతో గుణం కనబడకపోయి ఉండాలి, గత ఏడాదిలో గర్భం ఉండకూడదు. న్యాయమైన షరతులివి.

మన బీమా పాలసీల్లో అందం కోసం చేసే శస్త్రచికిత్సలకు డబ్బు రాదు, టమ్మీ టక్‌ను సాధారణంగా ఆ గాటనే కట్టేస్తారు. కనీసం కాన్పు తర్వాతి చెకప్‌లో కుట్లు చూసే డాక్టరు కండరాల ఎడం కూడా కొలిచి చీటీ మీద రాస్తే బాగుంటుంది. తల్లులారా, ఆ కొలత మీరే అడగండి. ముందు ఫిజియోథెరపిస్టు దగ్గరకు వెళ్లండి. నెలలు గడిచినా బాధ తగ్గకపోతే ప్లాస్టిక్ సర్జన్‌ను కలవండి, అందుకు సిగ్గుపడకండి.