నడక మన పెద్దల చదువు

నిడుబ్రోలులో చీరాల వైపు వెళ్లే పాసింజరు ఎక్కితే బాపట్ల దాటాక స్టూవర్టుపురం వస్తుంది. ఆ బోర్డు చూడగానే పెట్టెలో ఎవరో ఒకరు "దొంగల ఊరు" అని నవ్వుతారు. సినిమాలు కూడా ఆ మాటే చెప్పాయి. పొన్నూరు ప్రాంతపు బడుల్లో చదివే మన ఎరుకల, యానాది పిల్లలు ఆ మాటకు తల దించుకోకూడదంటే ఆ ఊరు ఎలా పుట్టిందో వారికి తెలియాలి.

ఎరుకలవారు నడిచే జనం. కోస్తా ఉప్పును గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకుని లోపలి సీమలకు తీసుకుపోయేవారు. అక్కడి ధాన్యంతో తిరిగి వచ్చేవారు. ఏ దారిలో నీరుంది, ఎక్కడ మేత దొరుకుతుంది, ఏ ఆకు పుండుకు పనికొస్తుంది అన్నది పిల్లలు పెద్దల వెంట నడుస్తూనే నేర్చుకున్నారు. 19వ శతాబ్దం రెండో సగంలో రైళ్లు వచ్చాయి, ఉప్పు మీద ప్రభుత్వ పట్టు బిగిసింది. ఆ వ్యాపారం దెబ్బతింది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం అడవికి హద్దులు గీసింది.

బతుకుతెరువు పోయినవారికి దక్కింది నేరస్త జాతుల ముద్ర. 1871లో ఉత్తర భారతంలో మొదలైన ఆ చట్టం 1911లో మద్రాసు రాజధానికీ వచ్చింది. ఆ దశకంలోనే సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో స్టూవర్టుపురం సెటిల్‌మెంటు ఏర్పడింది. హాజరు పిలిస్తే పలకాలి, ఊరు దాటాలంటే అనుమతి కావాలి. పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి బడుల్లో పెట్టే అధికారం కూడా ఆ చట్టంలో ఉంది. అంటే నడకను ఆపడమే కాదు, తాతకూ మనవడికీ మధ్య ఉన్న చదువును కూడా అది తెంపింది. 1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతటా రద్దయింది. ముద్ర మాత్రం మిగిలిపోయింది.

అదే స్టూవర్టుపురం బిడ్డ రాగాల వెంకట్ రాహుల్ 2018లో గోల్డ్‌కోస్ట్ కామన్‌వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో 338 కిలోలు ఎత్తి బంగారు పతకం గెలిచాడు. ఒకప్పుడు పోలీసు హాజరు కోసం పేర్లు పిలిచిన ఊరి నుంచి వచ్చిన పేరు, ఆ రోజు పతకం కోసం పిలిచారు.

అందరూ పతకాలు తేలేరు. కానీ తెగిన చదువును ఆటతో మళ్లీ ముడివేయడం ప్రతి బడికీ సాధ్యమే. ఒకసారి మా పిల్లలను కాలువ కట్ట మీద నడక పందేనికి తీసుకెళ్లి, వెంట ఒక నాయనమ్మను రమ్మన్నాను. ఈత చెట్టు దగ్గర ఆమె ఆగింది. బుట్టకు కమ్మలు కోసేటప్పుడు మొవ్వు జోలికి పోకూడదని, మొవ్వు పోతే చెట్టే పోతుందని చూపించింది. పందెంలో ముందున్నవాళ్లు కూడా వెనక్కి వచ్చి విన్నారు. పర్యావరణ పాఠం నేను పుస్తకంలోంచి ఎన్నోసార్లు చెప్పాను. అంత శ్రద్ధగా ఎప్పుడూ వినలేదు.

ఉపాధ్యాయ మిత్రులారా, నెలకొక ఆదివారం ఇలా నడవండి. పరుగు పిల్లలది, దారి పెద్దలది. చెట్టు, పిట్ట, పాము, చేప పేర్లు వారి నోట వినిపించి పిల్లల చేత రాయించండి. యువకులారా, మీ ఇంట్లో ముసలివాళ్లను ముందు నడవనివ్వండి. మన పెద్దలు దొంగలు కారు, దారులు తెలిసినవారు. ఆ సంగతి పిల్లలకు వారి వెంట నడిస్తేనే తెలుస్తుంది.