డిసెంబర్ 25: ఒక తేదీ చరిత్ర

సోదరులారా! హజ్రత్ ఈసా (అలైహిస్సలాం) జన్మదినంగా డిసెంబర్ 25 ఎలా స్థిరపడింది? క్రైస్తవుల సువార్తలలో తేదీ లేదు. దివ్య ఖుర్ఆన్ మర్యమ్ సూరాలో ఖర్జూర వృక్షాన్ని, తాజా పండ్లను ప్రస్తావించిందే గాని మాసాన్ని పేర్కొనలేదు. సుమారు క్రీ.శ. 200లో అలెగ్జాండ్రియా పండితుడు క్లెమెంట్ తన కాలంలో వాడుకలో ఉన్న పలు తేదీలను నమోదు చేశాడు. వాటిలో డిసెంబర్ 25 లేదు.

ఆ తేదీ నిర్వివాదంగా తొలిసారి కనిపించేది 354లో రోమ్‌లో కూర్చిన పంచాంగ గ్రంథంలో. విశేషమేమంటే, అదే గ్రంథంలో మరోచోట ఆ దినమే ‘అజేయుని’ జన్మదినంగానూ ఉంది. అజేయుడంటే సూర్యదేవుడని పండితుల వివరణ. ఆయనకు 274లో ఆరీలియన్ చక్రవర్తి రోమ్‌లో ఆలయం కట్టించాడు. ఇంతమాత్రాన క్రైస్తవులు సూర్యారాధకుల పండుగను అపహరించారని మింబరుపై నుండి ప్రకటించడం న్యాయం కాదు. ఆ రోజున రెండు పండుగలకూ తొలి స్పష్టమైన సాక్ష్యం ఆ ఒక్క గ్రంథమే. పైగా, గర్భధారణ మార్చి 25న జరిగిందని భావించి, తొమ్మిది నెలలు కలిపి ఈ తేదీకి చేరారనే వాదమూ చరిత్రకారులలో ఉంది. గ్రంథప్రజలను గూర్చి పలికేటప్పుడు కూడా సాక్ష్యం నిలిచినంత మేరకే పలకాలి.

తూర్పు సంఘాలలో అనేకం చాలాకాలం జనవరి 6నే పాటించాయి. 386 ప్రాంతంలో అంతియొకయలో జాన్ క్రిసోస్టమ్ ప్రసంగిస్తూ, డిసెంబర్ పండుగ తమకు తెలిసి పదేళ్లయినా కాలేదన్నాడు. ఆర్మేనియా అపొస్తలిక సంఘం నేటికీ జనవరి 6నే జరుపుకుంటోంది.