కాసులపేరులో పేరు

పెళ్లి నగలకు కొత్త బ్రాండు పేరు వెతికేవారి చూపు ముందు సంస్కృతం మీద పడుతుంది. తనిష్క్‌లో వినిపించే ‘నిష్కం’ అలాంటిదే. వేదకాలంలో అది మెడలో వేసుకునే బంగారు నగ. తర్వాత బంగారు నాణేనికీ ఆ మాటే వాడారు.

మన కాసు ఎదురు దారిలో నడిచింది. ముందు నాణెం, తర్వాత పెళ్లికూతురి మెడలో దండ. కోస్తాలో ఇప్పటికీ కాసు బంగారమంటే 8 గ్రాముల తూకం. లక్ష్మీదేవి రూపు అచ్చువేసిన బిళ్లలను వరసగా కూరిస్తే కాసులపేరు. ఇక్కడ ‘పేరు’ అంటే హారం, ముత్యాలపేరులోనూ అంతే. మనిషిని పిలిచే మాటా, మెడలో మెరిసే దండా తెలుగులో ఒకేలా పలుకుతాయి. నగల వ్యాపారికి ఇంతకంటే అందమైన కానుక ఏ భాష ఇస్తుంది!

కానీ చిక్కుంది. 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం, సరుకును వర్ణించే మాటను ఒక్కరి గుర్తుగా నమోదు చేయడానికి మామూలుగా ఒప్పుకోదు. కాసులపేరు, వడ్డాణం, వంకీ అందరివీ. అదే న్యాయం కూడా. అందుకే నగ పేరు కాకుండా, పెళ్లిపందిట్లోని మాటలు వెతకాలి: తలంబ్రాలు, మధుపర్కాలు, అప్పగింతలు. ఎంచుకున్నాక, ట్రేడ్‌మార్కుల నమోదులో నగలకు సంబంధించిన 14వ తరగతిలో అది ఇప్పటికే ఎవరిదైనా అయిందేమో చూసుకోండి. బోర్డు మీద మాత్రం తెలుగు లిపిలోనే రాయించండి.