విలియం హాల్ పతకాలు

నేనుండే నోవా స్కోషియాలో విలియం హాల్ గురించి చెప్పేటప్పుడు ముందు వచ్చే మాట ఒకటే: విక్టోరియా క్రాస్ అందుకున్న మొదటి నల్లజాతి మనిషి. ఎక్కడ సంపాదించాడన్నది ఆ తరవాత వస్తుంది. లక్నోలో, 1857లో. అక్కడికొచ్చేసరికి మనలాంటివాళ్ళం కాస్త ఆగుతాం. మన హైదరాబాదులో తుర్రేబాజ్ ఖాన్ రెసిడెన్సీ మీద దాడి చేసింది కూడా ఆ ఏడే కదా!

హాల్ తల్లిదండ్రులు అమెరికాలో బానిసత్వం తప్పించుకుని, 1812 యుద్ధకాలంలో బ్రిటిష్ ఓడల్లో ఇక్కడికి చేరిన శరణార్థులు. ఈ సంగతి మర్చిపోతే అతని కథ అర్థం కాదు. ఆ కుటుంబానికి బ్రిటిష్ జెండా అంటే స్వేచ్ఛ. హాల్ 1820ల చివర్లో పుట్టాడు. హాంట్స్‌పోర్ట్‌లో ఓడలు కట్టేచోట పనిచేసి, సరుకు ఓడలెక్కి, కొన్నాళ్ళు అమెరికా నౌకాదళంలో కూడా ఉండి, 1852లో రాయల్ నేవీలో చేరాడు. క్రిమియా యుద్ధంలో సెవాస్టొపోల్ దగ్గర ఓడ ఫిరంగుల్ని నేలమీదికి దించి కాల్చిన నావికుల్లో అతనొకడు.

1857లో అతనున్న షానన్ అనే ఓడ చైనా యుద్ధానికని బయల్దేరింది. ఉత్తరాదిన సిపాయిలు తిరగబడ్డారన్న కబురుతో దాన్ని హాంకాంగ్ నించి కలకత్తాకి మళ్ళించారు. కెప్టెన్ విలియం పీల్, ఇంగ్లండుకి ప్రధానిగా చేసిన రాబర్ట్ పీల్ కొడుకు. అతని నావికులు ఓడ ఫిరంగులతో సహా గంగ మీదుగా అలహాబాదు దాకా వెళ్ళి, అక్కణ్ణించి నేలమీద లక్నోకి లాక్కుపోయారు.

నవంబరు 16న ఎదురైంది షా నజఫ్. అవధ్ పాలకుడు ఘాజీ ఉద్దీన్ హైదర్ సమాధి అది. చుట్టూ గట్టి గోడ, లోపల తిరుగుబాటు సైనికులు. ఇరవైనాలుగు పౌన్ల గుండు వేసే ఫిరంగిని గోడ మూల దగ్గరికి తెచ్చారు. ఆ కాలపు ఫిరంగి పేలిన ప్రతిసారీ వెనక్కి తన్నేది. గొట్టం తడిగుడ్డతో తుడవాలి, మందు కూరాలి, గుండు దించాలి, మళ్ళీ ముందుకి తొయ్యాలి. బోలెడుమంది చెయ్యాల్సిన పని. పైనించి తూటాలు కురిసి మనుషులు ఒక్కొక్కళ్ళే పడిపోగా లెఫ్టినెంట్ థామస్ యంగ్, హాల్ ఇద్దరే మిగిలారు. ఇద్దరూ కాలుస్తూనే ఉన్నారు.

వాళ్ళ గుళ్ళకే గోడ కూలి కోట దక్కిందని కథనాలు రాస్తారు. నాకు నమ్మకం లేదు. అదేరోజు విక్టోరియా క్రాస్ పొందిన సార్జెంట్ జాన్ పేటన్ ప్రశంసాపత్రంలో, అతనొక్కడే చుట్టూ తిరిగి అవతలివైపు గండి కనిపెట్టాడనీ, ఆ దారినే షా నజఫ్ చిక్కిందనీ ఉంది. యంగ్, హాల్‌ల ప్రశంసాపత్రం గోడ కూలిన ఊసెత్తదు, ఫిరంగి దగ్గర చూపిన ధైర్యం గురించే చెబుతుంది. నాకైతే ఇదే పెద్ద విషయం. పని జరగట్లేదని తెలుస్తున్నా కదలకుండా నిలబడ్డాడు మనిషి.

విక్టోరియా క్రాస్ కన్నా నన్ను ఎక్కువ ఇబ్బందిపెట్టేది రెండో పతకం. ఆ యుద్ధంలో పాల్గొన్నవాళ్ళకి ఇచ్చిన వెండి బిళ్ళ. ఒకవైపు విక్టోరియా రాణి, రెండోవైపు సింహంతో బ్రిటానియా, పైన ‘ఇండియా’ అన్న మాట, కింద 1857–1858. నౌకాదళంలో అది దక్కింది షానన్, పెర్ల్ ఓడల వాళ్ళకే. రిబ్బను మీద తగిలించే పట్టీల్లో ఒకటి ‘రిలీఫ్ ఆఫ్ లక్నో’. ఎవరికి రిలీఫ్? రెసిడెన్సీలో చిక్కుకున్న ఆంగ్లేయులకీ, వాళ్ళ పక్షాన నిలిచిన సిపాయిలకీ. అదేరోజు పొద్దున సికందర్ బాగ్‌లో దాదాపు రెండువేలమంది తిరుగుబాటుదార్లు చచ్చిపోయారు. వాళ్ళని చంపినవాళ్ళలో స్కాట్లండు హైలాండర్లే కాదు, పంజాబీ సైనికులూ ఉన్నారు. ఆ వెండి బిళ్ళ వాళ్ళకీ ఇచ్చారు.

హాల్‌ని తప్పుపట్టాలని నాకు లేదు. అతన్ని పొగిడే రాతల్లో లక్నో ఉత్త ఊరిపేరుగా మిగిలిపోవడం, గోడ అవతల ఉన్నవాళ్ళు కేవలం ‘శత్రువులు’ అయిపోవడం మింగుడుపడదు.

1859లో ఐర్లండు రేవులో, డోనిగాల్ అనే ఓడ మీద అతనికి విక్టోరియా క్రాస్ తగిలించారు. నావికుడు కనక నీలం రిబ్బను. దాంతోపాటు ఏడాదికి పది పౌన్ల భృతి. 1876లో పెట్టీ ఆఫీసరుగా రిటైరై వచ్చి, అక్కచెల్లెళ్ళతో కలిసి ఎవన్‌పోర్ట్‌లో చిన్న పొలం చేసుకున్నాడు. పెళ్ళి చేసుకోలేదు. 1901లో, తరవాత ఐదో జార్జి అయిన యువరాజు హాలిఫాక్స్ వచ్చినప్పుడు, పాత సైనికుల వరసలో పతకాలు పెట్టుకున్న ఈ ముసలాయన్ని చూసి పలకరించాడు. 1904లో హాల్ చనిపోతే సైనిక లాంఛనాల్లేవు, సమాధి మీద పేరు కూడా లేదు. 1945లో అవశేషాలని హాంట్స్‌పోర్ట్ బాప్టిస్టు చర్చి ఆవరణకి మార్చి, రెండేళ్ళకి రాయి నిలిపారు. ఇప్పుడు కెనడా నౌకాదళంలో ఒక గస్తీ ఓడకి అతని పేరుంది.